ముప్ఫై ఒకటో తూటా

అక్టోబర్ ఇరవై ఒకటి, మంగళవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది జింక మాంసం చిల్లీ కూర, దాంతో ఒక దాల్చినచెక్క రోల్. ఉదయమే పక్కింటి ఎడ్నా గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయింది. నా భార్య లోయిస్ పోయిన ఈ మూడేళ్ళుగా ఆమె అలాగే చేస్తోంది. తలుపు తడితే నేను మాట్లాడాల్సి వస్తుందని ఆమెకు తెలుసు.

రోల్ సగం మిగిలుండగా ఫోన్ మోగింది. గోడ గడియారంలో పన్నెండూ ఇరవై ఆరు.

"ఎమెట్, తుపాకీ క్లబ్ మైదానంలో రైఫిల్ పేలింది," అంది షెరిఫ్ ఆఫీసు నుంచి పమేలా.

"రైఫిల్ పేలక ఏం చేస్తుంది?"

"పేలింది ముందుకి కాదయ్యా, వెనక్కి. లైల్ డెల్లింగర్. ప్రాణం ఉంది. హాల్‌స్టెడ్ మాస్టారు పక్కనే ఉన్నారు."

నేను వెళ్ళేసరికి అంబులెన్స్ గేటు దాటుతోంది. లైల్ కుడి కన్ను పోయింది. కుడి చేతికి రెండు వేళ్ళు మిగిలాయి. దవడ విరిగింది. నేల మీద పడున్న కళ్ళద్దాల్లో ఎడమవైపు అద్దం నెర్రెలు విచ్చింది కానీ ఊడిపోలేదు. ఎడమ కన్ను దక్కింది. గోరంత మందం లేని ఆ అద్దం ముక్కను చూస్తూ నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మా కౌంటీ షెరిఫ్ ఆఫీసులో డిటెక్టివ్‌ని నేనొక్కణ్ణే. అయినా నాకంటే ముందు షెరిఫ్ తర్వాతి అధికారి, అండర్‌షెరిఫ్ రస్ హేబర్‌లిన్ వచ్చి ఉన్నాడు. ఫొటోలు తీయడం, వస్తువులు సంచుల్లో వేసి సీలు వేయడం అప్పటికే సగం అయింది.

కాంక్రీటు బల్ల మీద కొత్త రైఫిల్ రెండు ముక్కలై ఉంది. థర్టీ ఓ సిక్స్ కొలత తూటాలు కాల్చేది. లైల్ కొని వారం కాలేదు. చెక్క నిలువునా చీలింది, ఉక్కు అరటితొక్కలా విచ్చుకుంది. పక్కనే ప్లాస్టిక్ పెట్టెలో తూటాలు మూడేసి చొప్పున వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని ఒంటి మీద నల్ల సిరాతో చిన్న అంకె. అది హాల్‌స్టెడ్ మాస్టారి చేతిరాత. బళ్ళో ఆయన దగ్గర ఇనప పని, చెక్క పని నేర్చుకున్న ఎవరైనా దాన్ని పోల్చుకుంటారు. నేనూ నేర్చుకున్నాను. ఖాళీ డొప్పల్లో మందు పోసి తూటాలు నింపడం కూడా ఆయన దగ్గరే నేర్చుకుని, లోయిస్ పోయాక మానేశాను.

గేటు దగ్గరి పుస్తకంలో సమయాలున్నాయి. లైల్, మాస్టారు లోపలికి వచ్చింది పదకొండూ యాభై రెండు. గురి కాగితాలు కట్టడానికి మైదానంలోకి దిగింది పన్నెండూ ఐదు. మా ఆఫీసు లెక్కలో, సాయం కోసం మాస్టారు ఫోన్ చేసింది పన్నెండూ ఇరవై మూడు.

మాస్టారు తన పికప్ వెనక పలక మీద కూర్చుని ఉన్నారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. మోచేతుల దాకా నెత్తురు. నడుముకు బెల్టు లేదు. అది లైల్ చేతికి బిగించి కట్టి ఉందని తర్వాత తెలిసింది. ఆ కట్టు లేకపోతే లైల్ ఊరి పొలిమేర కూడా దాటేవాడు కాదని అంబులెన్స్ అమ్మాయి చెప్పింది.

"ఏం జరిగింది మాస్టారూ?"

"ఇసక సంచి తేవడానికి బండి దగ్గరికొచ్చాను. వెనక చప్పుడైంది," అన్నారు. చేతుల కేసి చూసుకుని, "నా తప్పే ఎమెట్. రాసుకో," అన్నారు.

రస్ నా భుజం తట్టాడు. "కేసైపోయింది పెద్దాయనా. ఇంటికెళ్ళి మిగతా భోజనం చెయ్యి. గడ్డానికి దాల్చినచెక్క అంటుకుంది."

* * *

బుధవారం మాస్టారు కాగితం మీద సంతకం పెట్టారు. తూటాలు నింపేటప్పుడు పొరపాటున రైఫిల్ మందుకు బదులు పిస్టల్ మందు పడిందనీ, బాధ్యత పూర్తిగా తనదేననీ రాసిచ్చారు. పిస్టల్ మందు చిటికెడు చాలు. రైఫిల్ తూటా నిండా పోస్తే అది తూటా కాదు, చిన్న బాంబు. లైల్ కూతురు బ్రిన్ కూడా వాంగ్మూలం ఇచ్చింది. మాస్టారికి మతి తప్పుతోందని, ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసని అందులో ఉంది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి రస్ ఆ కాగితాలన్నీ, కోర్టులో కేసు పెట్టే కౌంటీ అటార్నీకి ఇవ్వబోతున్నాడు. శిక్ష పడితే మాస్టారికి జైలు తప్పదు. పడకపోయినా, ఊళ్ళో సగం మందికి చేతిపని నేర్పిన మనిషి ఇక నుంచి లైల్ కన్ను పోగొట్టిన ముసలాడిగానే మిగులుతారు.

లైల్ బిల్లింగ్స్ నగరం ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణభయం లేదన్నారు. దవడకు తీగలు కట్టి మందులతో నిద్రలో ఉంచారు. అతన్ని అడగడానికి లేదు.

శుక్రవారం పొద్దున పదింటికి నేను మాస్టారింటికి వెళ్ళాను.

"కాఫీ తాగుతావా? నిన్నటిది," అన్నారు.

"నిన్నటిదైతే వద్దు."

"అయితే తాగుదువుగాని. మొన్నటిది."

తూటాలు నింపే గది వంటింటి పక్కన ఉంది. నలభై ఏళ్ళుగా అది ఎలా ఉందో అలాగే ఉంది. బల్లకు బిగించిన, డొప్పలో గుండు నొక్కే ప్రెస్, చిన్న త్రాసు, మందు కొలిచి పోసే తొట్టి. తొట్టి ఖాళీగా, తుడిచి బోర్లించి ఉంది. బల్ల మీద మందు డబ్బా ఒక్కటే. రెండోది తీయాలంటే మొదటిది బీరువాలోకి వెళ్ళాలి. ఆయన మాకు మొదటి రోజు చెప్పింది అదే. రెండు డబ్బాలు ఒకేసారి బల్ల మీద పెట్టిన కుర్రాణ్ణి ఆయన బయటికి పంపేసేవారు.

"ఎన్ని నింపారు?"

"ముప్ఫై. పుస్తకంలో ఉంది."

పుస్తకం తెరిచాను. పది మెట్లు, మెట్టుకు మూడు. మొదటి మూడింటిలో తక్కువ మందు, తర్వాతి మూడింటిలో ఆవగింజంత ఎక్కువ, అలా పైకి. కొత్త రైఫిల్‌కు ఏ కొలత నచ్చుతుందో తెలియదు. కింది మెట్టు నుంచి కాలుస్తూ, ప్రతి ఖాళీ డొప్పనూ వెలుతుర్లో తిప్పి చూస్తూ, ఒత్తిడి ఎక్కువైన గుర్తు కనబడగానే ఆపాలి. సంబరపడి పై మెట్టు నుంచి మొదలుపెట్టే మనిషి కాదు లైల్.

"పొరపాటు ఎలా జరిగింది?"

"రాత్రి తొట్టిలో పాత మందు మిగిలిపోయింది. చూసుకోలేదు. దాని మీదే కొత్తది పోశాను."

"మీరా?"

"నేనే. ముసలాణ్ణైపోయాను అబ్బాయ్. మొన్న పాల సీసా బీరువాలో పెట్టాను."

"తొట్టిలో కలిస్తే ముప్ఫై తూటాలూ పాడవ్వాలి కదా మాస్టారూ. అన్నీ విప్పి చూస్తే తెలిసిపోతుంది."

ఆయన కప్పు కిందపెట్టారు. "విప్పక్కర్లేదు. నేను ఒప్పుకున్నాను. చాలదా?"

"మీరు లెక్క తప్పిన రోజు నేను చూడలేదు."

"చూస్తున్నావుగా ఇప్పుడు." నవ్వబోయారు. నవ్వు రాలేదు. "లైల్ ఎలా ఉన్నాడు? ఆ సంగతి చెప్పు ముందు."

"పడుకుని ఉన్నాడు. ఎడమ కన్ను బాగుందట."

"బాగుందా?" అని లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. నేను వెళ్ళేదాకా ఇటు తిరగలేదు.

* * *

మధ్యాహ్నం రెండింటికి ఆఫీసులో వస్తువులు భద్రపరిచే గది తెరిపించాను. సంచి సీలు విప్పుతుంటే వెనకే రస్ వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం వెతుకుతున్నావ్?"

"తెలీదు."

"ఒప్పుకున్నవాడు నీకు నచ్చడు, ఒప్పుకోనివాడు నచ్చడు. అసలు నీకెవరు కావాలి పెద్దాయనా?"

"నువ్వీ తూటాలు లెక్కపెట్టావా రస్?"

"ఎందుకు? ఒకటి కాల్చాడు, ఇరవై తొమ్మిదున్నాయి. రిపోర్టులో రాశాను."

"రాశావు. లెక్కపెట్టావా?"

పెట్టె మూత తీసి దీపం కిందికి జరిపాను. యాభై గుంటల పెట్టె, వరసకు ఐదు. ప్రతి వరసలోనూ మూడు తూటాలు పెట్టి రెండు గుంటలు ఖాళీ వదలడం మాస్టారి పద్ధతి. మొదటి వరసలో మూడు. రెండో దాంట్లో మూడు. పెన్సిల్ మొనతో ఒక్కోటీ తడుతూ పదో వరస దాకా వెళ్ళాను. మంగళవారం మైదానంలో ఈ పెట్టె నా కళ్ళెదురుగానే ఉంది. నేనూ లెక్కపెట్టలేదు.

"ముప్ఫై," అన్నాను.

"జరుగు." రస్ తనే లెక్కపెట్టాడు. వేలితో ఇంకోసారి పెట్టాడు. "అయితే ముప్ఫై ఒకటి చేసుంటాడు."

"పది మెట్లు, మెట్టుకు మూడు. ముప్ఫై ఒకటోది ఏ మెట్టు మీద నిలబెడతారు? మాస్టారి తూటా ఒక్కటీ కాలలేదు రస్."

"మరి పేలిందేంటి?"

"కొత్త గొట్టంలో ఫ్యాక్టరీ నూనె ఉంటుంది. మొదటి గుండు ఎటు పోతుందో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నూనె పోయి, మసి పట్టడానికి ఏదో ఒక పనికిమాలిన తూటా కాలుస్తారు. ఆ తర్వాతే పరీక్ష. మాస్టారు దానికెప్పుడూ అంగడి తూటానే వాడతారు." ఆయన సంచిలో దొరికిన అంగడి పెట్టె చూపించాను. మూత మీది కాగితం చిరగనే లేదు. "ఇదీ కాదు."

చివరి సంచిలో రైఫిల్ బోల్ట్, తూటాను వెనక నుంచి మూసే ఉక్కు కడ్డీ, ఉంది. పేలిన తూటా అడుగు భాగం, ఇత్తడి బిళ్ళ, దాని ముఖానికి కరిగి అతుక్కుపోయింది. రస్ ఫోన్ దీపం వేసి దగ్గరగా చూశాడు. ప్రతి తూటా అడుగునా తయారుచేసిన కంపెనీ అక్షరాలుంటాయి. పెట్టెలోని ముప్ఫైకీ ఒకే అక్షరాలు. బోల్ట్‌కు అంటుకున్న బిళ్ళ మీద వేరే అక్షరాలు.

రస్ ఫోన్ దీపం ఆర్పాడు. "మా మావయ్య బొటనవేలు ఇలాంటి ఇంటి తూటాకే పోయింది, తెలుసా? ఈ ముసలాళ్ళు వంటిళ్ళలో చేసే ప్రయోగాలు ఎప్పుడో ఒకరోజు ఆగాలి."

"ఆగాలంటే ఆపు. చెయ్యనివాణ్ణి పట్టుకుని కాదు."

"చెయ్యనివాడు ఎందుకు ఒప్పుకుంటాడు? చెప్పు. ఒక్క కారణం చెప్పు."

బోల్ట్‌ను తిరిగి సంచిలో పెట్టాను.

"ఐదింటికి కాగితాలు అటార్నీ బల్ల మీదుంటాయి," అన్నాడు రస్.

"పెట్టు. ఈ లెక్క కూడా వాటి పైన పెట్టు."

వాడు తూటాల పెట్టెను మళ్ళీ తన వైపు లాక్కున్నాడు.

* * *

మూడూ నలభైకి డెల్లింగర్ల ఇంటి ముందున్నాను. లైల్ భార్య మార్నా నాలుగు రోజులుగా ఆసుపత్రిలోనే ఉంది. ఫోన్ చేస్తే, తాళం చెవి పూలకుండీ కింద ఉందని, ఏం చూడాలనుకుంటే అది చూడమని చెప్పింది. ఎందుకని అడగలేదు. అలసిపోయి ఉంది.

లైల్ తూటాలు నింపడం రాని మనిషి. ముప్ఫై ఏళ్ళుగా మాస్టారే నింపి ఇచ్చేవారు. అయినా ఆ ముప్ఫై ఒకటోది లైల్ జేబులోంచి తప్ప ఇంకెక్కణ్ణుంచీ వచ్చే వీల్లేదు.

గ్యారేజీలో పని బల్ల చివర దుమ్ములో ఒక శుభ్రమైన చతురస్రం కనిపించింది. నాలుగు మూలలా నాలుగు కొత్త బెజ్జాలు. బల్ల కింద టార్పాలిన్ తీస్తే ప్రెస్ దొరికింది. పాతది. దాంతో పాటు ఒక త్రాసు, ఒక మందు డబ్బా. డబ్బా మూత మీద చిన్న కాగితం: "హాల్ ప్రూయిట్ ఇంటి అమ్మకం." ఇంట్లో తూటాలు నింపుకునే ప్రూయిట్ వేసవిలో పోయాడు. ఆగస్టులో అతని పిల్లలు సామాను వాకిట్లో పెట్టి అమ్మారు.

డబ్బా మీద రైఫిల్ మందు పేరుంది. అది సన్నటి పుల్లల్లా ఉంటుంది, పెన్సిల్ ములుకులు ముక్కలు చేసినట్టు. తెల్ల కాగితం పరిచి కొంచెం ఒంపాను.

గసగసాల్లాంటి పిస్టల్ మందు. గుండ్రంగా, మెరుస్తూ.

పుల్ల ఒక్కటీ లేదు.

ఇది ఇంట్లో తూటాలు నింపే మా వాళ్ళు మాత్రమే చేసే తప్పు. పని అయిపోయాక తొట్టిలో మిగిలిన మందును తిరిగి డబ్బాలో పోస్తారు. ప్రూయిట్ ఏ రాత్రో అలసటగా, చేతికందిన ఖాళీ రైఫిల్ మందు డబ్బాలో పిస్టల్ మందు ఒంపేసి ఉంటాడు. మూత తీసిన మందు డబ్బా ఇంకొకరి దగ్గర కొనకూడదని మాస్టారు మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. లైల్ ఆ పాఠాలకు రాలేదు. మాస్టారు చేసిపెడుతుండగా అతనికి నేర్చుకునే అవసరం పడలేదు. ఇప్పుడు ఎందుకో పడింది.

ప్రెస్ కింద మడిచిన కాగితం ఉంది. లైల్ రాత.

"మొత్తం 20. మొదటిది మాస్టారి ముందు నేనే కాలుస్తా, చెప్పకుండా. మిగతా 19 బ్రిన్‌కి."

రెండుసార్లు చదివాను. టార్పాలిన్ పూర్తిగా లాగేశాను. బల్ల కింద, అరల్లో, పెట్టెల వెనక వెతికాను. పంతొమ్మిది తూటాలు అక్కడ లేవు. మార్నాకు మళ్ళీ ఫోన్ చేశాను.

"బ్రిన్ ఎక్కడ?"

"కొండ మీది కేబిన్‌కి వెళ్ళింది. రేపు వేట సీజన్ మొదలు కదా. నేనే వెళ్ళమన్నాను ఎమెట్. లైల్ నిద్రలో ఉన్నాడు, ఇద్దరం చూస్తూ కూర్చుంటే ఫ్రీజర్ నిండుతుందా? చలికాలమంతా ఏం తింటాం?"

"తూటాలు ఏవి తీసుకెళ్ళింది?"

"వాళ్ళ నాన్నవి. బల్ల కింద తన పేరు రాసున్న డబ్బా దొరికిందట. ఆ ముసలాయన చేసినవి చచ్చినా ముట్టనంది." ఆమె గొంతు మారింది. "ఏంటి ఎమెట్?"

"ఏం కాలేదు ఇంకా. నేను వెళ్తున్నాను."

బ్రిన్ వాడేది లైల్ పాత రైఫిల్. అదే కొలత. ఆ కొండ మీద ఫోన్ పలకదు. ఇంకో సంగతి నాకు బాగా తెలుసు. సీజన్‌కు ముందు సాయంత్రం శిబిరం చేరిన ప్రతి ఒక్కరూ, దారి కుదుపులకు రైఫిల్ గురి తప్పిందేమోనని, వెలుతురు పోకముందే ఒక్క గుండు కాల్చి చూసుకుంటారు. సూర్యాస్తమయం ఆరూ పదికి. నా గడియారంలో నాలుగూ యాభై ఐదు. ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆ వైపు మా బళ్ళు ఏవీ లేవు. కేబిన్ నలభై ఐదు మైళ్ళు, సగం కంకర దారి.

* * *

దారిలో గొడ్ల మంద ఒకటి అడ్డం వచ్చింది. మందను తోలుతున్న ముసలావిడ నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా గుర్రాన్ని పక్కకు తిప్పి నాకు సందు ఇచ్చింది. ఆమె ఎవరో నాకిప్పటికీ తెలియదు.

ఆరింటికి ఐదు నిమిషాలుండగా ఆఖరి మలుపు తిరిగాను. కేబిన్ ముందు బ్రిన్ బండి ఉంది. బండి ముందు భాగం మీద మడిచిన కోటు, కోటు మీద రైఫిల్, రైఫిల్ వెనక బ్రిన్. వంద గజాల అవతల మొద్దుకు పేపర్ ప్లేటు కొట్టి ఉంది. బోల్ట్ మూసి ఉంది. చెవులకు చప్పుడు వినబడకుండా మూతలు పెట్టుకుంది.

అరిచినా వినపడదు. హారన్ కొడితే సగం వినపడి ఉలిక్కిపడుతుంది. ఆ వేలు ఎక్కడుందో నాకు తెలుసు.

బండి ఆపి, పెద్ద దీపాలు వేశాను. ఆర్పాను. మళ్ళీ వేశాను. అవతల పేపర్ ప్లేటు తెల్లగా భగ్గుమంది. రైఫిల్ దుర్భిణిలో అంత వెలుతురు కళ్ళలో పడితే ఎవరూ కాల్చరు.

బ్రిన్ తల ఎత్తింది. చెవి మూత ఒకటి పక్కకు లాగి తిట్టింది. "ఏ గాడిదరా అది! లైట్లార్పు! వెలుతురు పోతోంది ఇక్కడ!"

"ఎమెట్‌ని. బోల్ట్ తెరువు బ్రిన్."

"ఎమెట్ అంకుల్?" ఆమె ముఖంలో రంగు పోయింది. "నాన్నకేమైనా..."

"నాన్న బాగానే ఉన్నాడు. ముందు బోల్ట్ తెరువు. నెమ్మదిగా."

తెరిచింది. తూటా బయటికి జారి బండి రేకు మీద దొర్లింది. అది కింద పడకుండా అరచేత్తో పట్టుకున్నాను. చల్లగా, బరువుగా, ముద్దొచ్చేంత శుభ్రంగా ఉంది. లైల్ ఎంత మెరుగు పెట్టాడో.

జేబులోంచి పొట్లం తీసి, కాగితం విప్పి, బండి దీపం ముందు పట్టుకున్నాను. "మీ గ్యారేజీలో దొరికింది. డబ్బా మీద రైఫిల్ మందు పేరుంది."

ఆమె వంగి చూసింది. మాస్టారి బళ్ళో చదివిన పిల్లే. "పుల్లలుండాలి కదా ఇందులో," అంది మెల్లగా. బండి చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"నాన్న చేశాడా? తనే?"

"అవును. నీకోసం నేర్చుకున్నాడు."

"నేను మాస్టార్ని మతిపోయిన ముసలాడన్నాను అంకుల్. రస్ ముందు. సంతకం పెట్టాను." మోకాళ్ళ మీద నుదురు ఆనించింది. "మరి ఆయన ఎందుకు ఒప్పుకున్నారు?"

రస్ అడిగిన ప్రశ్నే. ఈసారి నాకు జవాబు లీలగా తెలుస్తోంది. పొద్దున్న కిటికీ వైపు తిరిగి నిలబడిన ఆ వీపు గుర్తొచ్చింది.

"నువ్వే అడుగు," అన్నాను.

కొండ దిగి వస్తుంటే ఫోన్ పలికింది. రస్ దగ్గర్నుంచి సందేశం. "కాగితాలు సోమవారానికి ఆపాను. ఇంకోసారి లెక్కపెట్టాను. ముప్ఫై."

* * *

ఏడుంబావుకి మాస్టారు తలుపు తీశారు. నా వెనక బ్రిన్‌ను చూసి పక్కకు జరిగారు.

వంటింటి బల్ల మీద డబ్బా పెట్టి మూత తీశాను. పంతొమ్మిది తూటాలు.

ఆయన ఒకటి తీసి అడుగు తిప్పి అక్షరాలు చూశారు. మధ్యాహ్నం బోల్ట్ మీద నేను చూసిన అక్షరాలే. తూటాను వేళ్ళ మధ్య నుంచి వదల్లేదు.

"ఎక్కడివివి?"

"లైల్ నింపినవి. ఇందులో ఒకటి సాయంత్రం బ్రిన్ రైఫిల్‌లో ఉండింది. ఐదు నిమిషాలు ఆలస్యమైతే కాల్చేది."

మాస్టారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. "ఒకటే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు ఎమెట్, ఒకటే అనుకున్నాను."

"పెట్టెలో ముప్ఫైకి ముప్ఫై ఉన్నాయని మీకు మొదటి రోజే తెలుసు."

"తెలుసు. బెల్టు కడుతున్నప్పుడే చూశాను. ఒక్కటీ తగ్గలేదు."

"మరెందుకు మాస్టారూ?" అంది బ్రిన్.

ఆయన ఆమె వైపు చూడలేకపోయారు. "అంబులెన్స్ రావడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. మీ నాన్న తల నా ఒళ్ళో ఉంది. స్పృహ ఉంది. మాట సరిగ్గా రావడం లేదు. 'నాది మాస్టారూ, నేనే నింపా. బ్రిన్‌కి చెప్పకండి,' అన్నాడు. మాటివ్వమన్నాడు. ఇచ్చాను." నుదురు రుద్దుకున్నారు. "సిగ్గుపడుతున్నాడనుకున్నాను. తన కన్ను తనే పోగొట్టుకున్నానని బిడ్డకు తెలియకూడదనుకుంటున్నాడని. నాకా డెబ్బై నాలుగేళ్ళు. నా పేరు పోతే పోయేదేముంది? వాడింకా ముప్ఫై ఏళ్ళు నీ ముఖం చూడాలి."

బ్రిన్ డబ్బాను తిప్పి, దాని మీద రాసున్న తన పేరు చూసింది.

"వచ్చే శుక్రవారం నా పుట్టినరోజు," అంది బ్రిన్.

మాస్టారు తలెత్తారు.

"నాన్న చెప్పొద్దన్నది అదేనేమో. ఈ కానుక డబ్బా సంగతి. నేను ముందే వెతికి తీసేశాను." డబ్బాను నా వైపు నెట్టింది. "లేకపోతే సిగ్గూ, ఇదీ రెండూనేమో."

"అయ్యో," అన్నారు మాస్టారు. ఆ ఒక్క మాటా అని, రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. "మాట నిలబెట్టుకుంటున్నాననుకుని నిన్ను... నోరు మూసుకుని కూర్చుని నిన్ను..."

బ్రిన్ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. తన తండ్రి నింపిన తూటాను ఆయన వేళ్ళ మధ్య నుంచి తీసి నా చేతిలో పెట్టింది.

"పొద్దున ఆరింటికి బిల్లింగ్స్ బయల్దేరుతున్నాను. మీరు నా బండిలో వస్తున్నారు."

"నేనా? మీ అమ్మ నన్ను గుమ్మం తొక్కనిస్తుందా?"

"అమ్మ సంగతి నాకొదిలేయండి. నాన్న లేచాక నాకు తెలిసిపోయిందని మీరే చెప్పాలి. మాటిచ్చింది మీరు. నేను చెప్తే ఆయన మీ మీద కోప్పడతాడు."

"మరి వేట?"

"వేట ఐదు వారాలుంటుంది మాస్టారూ."

ఆయన మోకాళ్ళు రుద్దుకుని, ముందు సీట్లో కాళ్ళు చాపుకోవడానికి చోటుంటుందా అని అడిగారు. ఉంటుందంది.

డబ్బాను సంచిలో వేసి సీలు వేశాను. బ్రిన్ నాకంటే ముందు వాకిట్లోకి వెళ్ళి, చలిలో చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడింది. నేను కోటు తొడుక్కుంటుంటే మాస్టారు లేచి తూటాల గదిలోకి వెళ్ళారు. బల్ల మీద ఏమీ లేదని ఒకసారి చేత్తో తడిమి చూసుకున్నారు. దీపం ఆర్పి బయటికొచ్చి, పిడి తిప్పి పట్టుకుని, గొళ్ళెం శబ్దం కాకుండా తలుపును మెల్లగా మూశారు.